గృహనిర్మిత దారువిమానము

ఔత్సాహికుడు స్వహస్తములతో నిర్మించుకొనెడి తేలికపాటి కొయ్య విమానము. ఫ్రాన్సు దేశీయుడగు ఆన్రీ మిన్యే 1933లో ఎగిరించిన హెచ్.ఎం.14 అను విమానపు నిర్మాణవిధానమును 1934లో గ్రంథరూపమున వెల్లడింపగా, పెక్కు దేశముల సామాన్యులు దానిని ఇండ్లలోనే చేసికొనిరి. ముందువెనుకల రెక్కల పరస్పరప్రభావమున కొన్ని ముక్కు వంచి దిగుచు తేఱుకొనజాలక, ప్రాణనష్టము వాటిల్లుట మిక్కిలి శోచనీయము.

స్ప్రూసు దూలములు, ప్లైవుడ్డు, జిగురు ఇట్టి విమానమునకు ఆధారములు. పూర్వపు కేసీను జిగురు తేమకు చెడును గనుక, రెక్క అడుగున నీరు కాఱు రంధ్రములను పూడిపోనీయరాదు.

వజ్రకరూరు వంటి అనావృష్టిపీడిత పీఠభూములలో భయము వేఱు: వేసవి గాలికి కొయ్య ఆరి కుంచించుకొనగా, కొయ్య ప్రొపెల్లరును పట్టియుంచు బోల్టుల బిగువు సడలును, సడలిన ప్రొపెల్లరు అదరి, రంధ్రములను ఒరసి, తుదకు బోల్టులనే విఱుచును. కావున ఋతువు మాఱినప్పుడెల్ల ఆ బిగువును టార్కు రెంచితో పరీక్షింపవలెను. వానకాలమున కొయ్య ఉబ్బినప్పుడు, అతిగా బిగిసిన బోల్టు దాని నారను నలిపివేయును.