విధికుని పూర్ణఘటం: సంఘధర్మం గృహధర్మమైన వేళ

అమరావతి మహాస్తూపానికి లభించిన దానాలను తెలిపే శాసనాలలో ఒకటి మనలో ప్రతి ఒక్కరూ చదవదగినది. నాగ ఉపాధ్యాయుని కుమారుడు, చర్మకారుడు అయిన విధికుడు తన తల్లితో, భార్యతో, సోదరులతో, కుమారుడు నాగునితో, కుమార్తెలతో, జ్ఞాతులతో, మిత్రులతో, బంధువులతో కలిసి పూర్ణఘటం చెక్కిన శిలాఫలకాన్ని సమర్పించినట్లు అందులో ఉన్నది. దాత తన వృత్తిని దాచుకోలేదు. స్తూపం ఆ పేరును నిరాకరించలేదు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీకరించిన రాజముద్ర నడుమ ఉన్నది అమరావతి పూర్ణఘటమే.

విధికుడు ఏకాకి కాడు. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపం నుండి వెలికితీసిన ధాతుపేటికలపై గోష్ఠుల ప్రస్తావన ఉన్నది. గోష్ఠి అంటే ఒక కార్యం నిమిత్తం కలిసిన వారి సమితి. కుబేరకుడనే రాజు సైతం అక్కడ ఒక గోష్ఠికి ప్రముఖుడుగా, నిగమ సభ్యుల సరసన దాతగా దర్శనమిస్తాడు.

ఈ సమభావానికి మూలం భిక్షుసంఘంలో ఉన్నది. గంగా యమునాది నదులు సముద్రాన్ని చేరి పూర్వనామాలను విడిచినట్లు, సంఘంలో చేరినవారు కులగోత్రాలను విడుస్తారని తథాగతుడు బోధించాడు. అనురుద్ధుడు, ఆనందుడు మొదలైన శాక్యకుమారులు ప్రవ్రజ్యకు వచ్చినప్పుడు, తమకు క్షురకుడుగా ఉన్న ఉపాలికే ముందుగా దీక్ష ఇవ్వమని ప్రార్థించారు. ముందు దీక్ష పొందినవానికి తరువాతివారు నమస్కరించాలి. తమ వంశగర్వం అణగాలన్నదే వారి కోరిక.

అయితే ఒక్క శాసనాన్ని చూపి ఆనాడు అసమానతే లేదనడం చరిత్ర కాదు. విధికుని ఇంటి నీటిని ఇరుగుపొరుగువారు ముట్టారో లేదో ఆ ఫలకం చెప్పదు. సంఘంలో ప్రవేశానికి ప్రత్యేక విధి ఉండగా గృహస్థులకు ధర్మప్రవేశ విధి లేకపోవడం గొప్ప లోపమని డాక్టర్ అంబేద్కర్ గుర్తించారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది గృహస్థులకు ధమ్మదీక్షతో పాటు 22 ప్రతిజ్ఞలను ఇవ్వడంలోని ఆంతర్యం ఇదే. భిక్షువుల సోదరభావం ఇంటి గడప దాటి లోపలికి రావాలి.

వచ్చిన తరువాత చేయవలసినదేమిటో సిగాలునికి చేసిన ఉపదేశం తెలుపుతుంది. ఆరు దిక్కులకు మ్రొక్కుతున్న ఆ యువకునికి బుద్ధుడు తల్లిదండ్రులను, గురువులను, భార్యాబిడ్డలను, మిత్రులను, పనివారిని, శ్రమణులను ఆరు దిక్కులుగా చూపాడు. పనివానికి శక్తికి తగిన పని, అన్నం, వేతనం, జబ్బులో సంరక్షణ, సమయానికి విశ్రాంతి ఇవ్వాలన్నాడు. ఇంతకంటే స్పష్టమైన నిత్యవిధి ఏముంటుంది?

శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి సముద్రం దాటి ఎందరో తెలుగువారు అండమాన్ చేరారు. శ్రీకాకుళం సీమలో, వంశధార ఒడ్డున, శాలిహుండం స్తూపాలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఇక్కడ ఆస్టినాబాద్‌లో మనకు అటువంటి ప్రాచీన శిలలు లేవు. కాని నదుల ఉపమానంలోని సముద్రం మన చుట్టూ ఉన్నది. దానిని దాటి వచ్చిన మనం కులాన్ని మూటగట్టుకుని వచ్చామా అన్నదే ప్రశ్న. త్రిశరణాలు పలికిన నోటితోనే పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు 'మీరేవిట్లు?' అని అడిగితే, మన దీక్ష వేదిక మీదనే ఆగిపోయినట్లు.

విధికుడు ఒంటరిగా దానమివ్వలేదు; తల్లిని, భార్యను, కుమార్తెలను, మిత్రులను కలుపుకున్నాడు. పూర్ణిమనాడు విహారంలో చెప్పుకునే సమత్వం మరునాడు మన వంటింట, మన దుకాణంలో, మన పనివాని కూలి లెక్కలో కనబడిననాడే ఆయన పూర్ణఘటానికి మనం వారసులం.