గంగదేవిపల్లి కమిటీల పాలన

తెలంగాణలోని వరంగల్ జిల్లా గీసుగొండ మండలానికి చెందిన గంగదేవిపల్లి, నాయకత్వాన్ని ఒక్కరి చేతిలో ఉంచకుండా ఊరంతటికీ పంచిన గ్రామంగా ప్రసిద్ధి. ఒకప్పుడు మచ్చాపూర్‌కు శివారు పల్లె. 1990ల మధ్యలో ప్రత్యేక పంచాయతీ అయింది.

నేపథ్యం: 1980ల తొలినాళ్లలో గ్రామస్థులు కలిసికట్టుగా సారాను ఊరి నుంచి తరిమేశారు. ఆ విజయం ఇచ్చిన ధైర్యంతోనే తర్వాతి కమిటీలు పుట్టాయి.

పనితీరు: తాగునీరు, చదువు, ఆరోగ్యం, పారిశుద్ధ్యం, పొదుపు, కేబుల్ టీవీ వంటి ప్రతి అవసరానికీ ఒక కమిటీ ఉంటుంది. పనిని కమిటీ చూసుకుంటుంది, పెద్ద నిర్ణయాలు గ్రామసభకు వస్తాయి. బాలవికాస సంస్థ తోడ్పాటుతో నెలకొల్పిన నీటి శుద్ధి కేంద్రం ఇందుకు మంచి ఉదాహరణ. గ్రామస్థులు తమ వాటా సొమ్ము, శ్రమ పెట్టారు. నిర్వహణ గ్రామ కమిటీదే. బిందె నింపుకొనేవారు చెల్లించే స్వల్ప రుసుమే దాని ఖర్చులకు ఆధారం.

సర్పంచ్‌గా పనిచేసిన కూసం రాజమౌళి ఈ పద్ధతికి ప్రధాన ప్రేరకుల్లో ఒకరు. ఇక్కడ సర్పంచ్ పని ఆజ్ఞాపించడం కాదు, కమిటీలను కలిపి నడపడం.

గుర్తింపు, ప్రాధాన్యం: 2007లో గ్రామానికి నిర్మల్ గ్రామ పురస్కారం లభించింది. ఉమ్మడి వనరులను ప్రజలే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని నిరూపించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ దక్కింది. గంగదేవిపల్లి ఆ సూత్రానికి తెలుగు నేల మీద బలమైన నిదర్శనం.