చెట్టు బెరడు నుంచి నానో రేణువు వరకు: ఒక మందు చరిత్ర

ఏదైనా ఒక మందు చరిత్ర చెప్పమంటే, దాన్ని ఎవరు, ఎప్పుడు కనుగొన్నారో చెప్పి ఆగిపోవడం మనకు అలవాటు. చరిత్ర విద్యార్థులుగా మీరు మరో రెండు ప్రశ్నలు వేయాలి. ఆ మందుకు ముడిసరుకు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ భారాన్ని ఎవరు మోశారు? క్యాన్సర్ చికిత్సలో వాడే టాక్సాల్ చరిత్రను ఈ ప్రశ్నలతో పరిశీలిద్దాం.

1960లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ, ఆ దేశ వ్యవసాయ శాఖతో కలిసి, క్యాన్సర్‌ను అడ్డుకోగల మొక్కల అన్వేషణ ప్రారంభించింది. అందులో భాగంగా 1962 ఆగస్టులో వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ బార్‌క్లే వాషింగ్టన్ రాష్ట్రంలోని అడవిలో 'పసిఫిక్ యూ' అనే చెట్టు బెరడును సేకరించారు. కలప వ్యాపారుల దృష్టిలో అది పనికిరాని చెట్టు. అడవి నరికినప్పుడు దాన్ని చెత్తతోపాటు తగలబెట్టేవారు. ఉత్తర కరోలినాలోని పరిశోధనశాలలో మన్రో వాల్, భారతదేశంలో పుట్టిన మన్‌సుఖ్ వాణి ఆ బెరడు నుంచి టాక్సాల్‌ను వేరుచేసి, 1971లో దాని నిర్మాణాన్ని ప్రకటించారు. అది పనిచేసే తీరును 1979లో సుసాన్ హార్విట్జ్ బృందం వెల్లడించింది. కణం రెండుగా విడిపోవాలంటే అందులోని సూక్ష్మనాళికలు ఏర్పడుతూ, విడిపోతూ ఉండాలి. టాక్సాల్ వాటిని విడిపోనివ్వదు. అందువల్ల క్యాన్సర్ కణం విభజన పూర్తిచేయలేక నశిస్తుంది.

1989లో, ఇతర మందులకు లొంగని అండాశయ క్యాన్సర్ రోగుల్లో సుమారు 30 శాతం మందికి ఈ మందుతో గుణం కనిపించింది. అసలు చిక్కు అప్పుడే మొదలైంది. కిలో మందు తయారీకి సుమారు 3,000 చెట్ల బెరడు కావాలని నాటి అంచనా. బెరడు వలిస్తే చెట్టు చచ్చిపోతుంది. పైగా అది చాలా నెమ్మదిగా పెరిగే జాతి. రోగిని కాపాడాలా, అడవిని కాపాడాలా అనే వాదన చెలరేగింది. ఆ వాదన నడుస్తుండగానే, 1992 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం మందుకు అనుమతి ఇచ్చింది.

దారి బెరడులో కాక ఆకుల్లో దొరికింది. ఐరోపా యూ చెట్టు ఆకుల్లో టాక్సాల్‌కు దగ్గరి పదార్థం ఉందని ఫ్రాన్స్‌లో పియెర్ పోతియే బృందం గుర్తించింది. దాన్ని టాక్సాల్‌గా మార్చే మెరుగైన పద్ధతిని ఫ్లోరిడాలో రాబర్ట్ హోల్టన్ రూపొందించారు. కోసిన ఆకులు మళ్లీ చిగురిస్తాయి కనుక చెట్టు బతుకుతుంది. తరువాత యూ చెట్టు కణాలను తొట్టెల్లో పెంచి మందు తీసే పద్ధతి కూడా వచ్చింది.

అయితే సమస్య పూర్తిగా తీరిందని అనుకోకండి. ఆకుల గిరాకీ హిమాలయాల్లోని యూ చెట్ల మీద పడింది. విచ్చలవిడిగా సేకరించడంతో అవి తరిగిపోయాయి. 1995 నుంచి హిమాలయ యూ అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ అమల్లోకి వచ్చింది. ఒక అడవికి తప్పిన భారం మరో అడవి నెత్తిన పడిందన్నమాట.

రోగి మోసిన భారం వేరు. టాక్సాల్ నీటిలో కరగదు. అందుకే దాన్ని ఆముదం నుంచి తయారుచేసిన ఒక ద్రావణిలో కలిపి ఎక్కించేవారు. ఆ ద్రావణి కొందరిలో తీవ్రమైన అలర్జీ కలిగించేది. మందును అల్బుమిన్ అనే ప్రోటీన్‌తో కలిపి, సుమారు 130 నానోమీటర్ల రేణువులుగా మార్చాక ఆ ద్రావణి అవసరం లేకుండా పోయింది. ఈ రూపానికి 2005లో అమెరికాలో అనుమతి లభించింది. ఇక 2024లో చైనా పరిశోధకులు, టాక్సాల్ తయారీకి మూలమైన బకాటిన్-3 అనే పదార్థాన్ని పొగాకు జాతి మొక్క ఆకుల్లో తయారుచేయగలిగారు.

దీని నుంచి మీరు గ్రహించవలసింది ఏమిటి? టాక్సాల్ చరిత్ర 1971లో ముగియలేదు. కనుగొనడానికి పట్టిన కాలం కంటే, చెట్టును చంపకుండా, రోగిని బాధించకుండా దాన్ని అందించడానికి పట్టిన కాలమే ఎక్కువ. ఆ పని నేటికీ సాగుతోంది.

ఆలోచించండి: మీ ప్రాంతంలో పనికిరానిదిగా భావించి కొట్టివేస్తున్న మొక్క ఏది? ఆ నిర్ణయం ఎవరిది?