పేనుకొరుకుడు

తలపై రూపాయిబిళ్లంత మేర వెండ్రుకలు రాలినచో, మా సంగారెడ్డి, పటాన్‌చెరు పల్లెలలో పేనుకొరుకుడందురు. పేనునకు దీనితో సంబంధము లేదు. సుశ్రుతుడు ఇంద్రలుప్తమని పేర్కొని, దేహమందలి వాత పిత్త కఫ రక్తములే హేతువులనెను. దేహరక్షకశక్తియే దారితప్పి రోమమూలములపై బడుచున్నదని నేటి వైద్యుల నిర్ణయము.

గురివిందగింజ నూరి పట్టువేయుట పూర్వాచారము. చిన్న మచ్చలపై వెండ్రుకలు పెక్కుమారులు తమంతనే మొలచును. కీర్తి గింజకు దక్కినది. కాని అది విషము, చర్మమును పుండుచేయును.

తీవ్రవ్యాధికి బారిసిటినిబ్ అను మాత్ర 2022లో అమెరికాలో అనుమతి పొందినది. ఆ యేటనే సంగారెడ్డిలో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది.

పిల్లల తలపై తామరయు నిట్లే కనబడును. ఉపేక్షించినచో మూలములు నశించి వెండ్రుకలు మరల మొలవకపోవచ్చును. కావున పెద్దలారా, పట్టు వేయకముందే బిడ్డను చర్మవైద్యునకు జూపుడని నా మనవి.