మేకుల మర్మం

నిలువు పలకపై మేకుల నడుమ ఉక్కుగుండ్లు జారే జపాను ఆటయంత్రం పచింకో. 1920 దశకంలో అది పిల్లల ఆటవస్తువు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నిషేధింపబడి, తరువాత నగోయా నగరంలో పునర్జన్మ పొందినది. అక్కడి మసమురా తకెయిచి మేకుల అమరికను కొత్తగా తీర్చి, గుండు నడకకు వైవిధ్యం కల్పించెను. 1980లో వచ్చిన 'ఫీవర్' యంత్రంతో తిరిగే అంకెలు ప్రాధాన్యం పొందినవి. మేకుల పెత్తనం మాత్రం తొలగలేదు.

ఆటశాల విడిచిన ఆధునిక యంత్రాన్ని ఇంట బాగుచేయదలచినవారు ముందుగా 24 వోల్టుల విద్యుత్తు సమకూర్చుకొనవలె. 11 మిల్లీమీటర్ల గుండ్లను, వాని దారులను శుభ్రపరచవలె. అయితే, వంగిన మేకు కనబడగానే సుత్తి పట్టరాదు. గుండును గెలుపు రంధ్రానికి చేర్చుటకో, తప్పించుటకో ఆటశాల నిపుణుడు కోరి వంచినది కావచ్చు. దానిని చక్కజేసిన, అతని పనితనం చెరిగిపోవును. ముందు పిడిని మెల్లగా తిప్పి ఆడుడు. గుండు జాడ చూడుడు. మరమ్మతు ఆ పిమ్మట.