కొలత నేర్పిన గురువు: స్వామి జ్ఞానానంద ప్రయోగశాల

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చరిత్రలో న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖ ప్రస్తావన వచ్చినప్పుడల్లా స్వామి జ్ఞానానంద జీవితంలోని వింతనే ముందుగా చెప్పుకుంటాం. 1896లో భీమవరం దగ్గరి గొరగనమూడిలో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యసించి, హిమాలయాల్లో సాధన చేసి, ఆనక ఐరోపా వెళ్లి భౌతిక శాస్త్రవేత్త కావడం వింతే మరి. అయితే కాషాయం దగ్గరే చూపు ఆగిపోతే ఆయన విశాఖలో పాదుకొల్పిన అసలు విద్య కనబడదు. ఆ విద్య కచ్చితంగా కొలవడం.

ప్రాగ్‌లో ప్రొఫెసర్ దొలెయ్‌షెక్ దగ్గర ఎక్స్‌రే వర్ణపటాలు, లివర్‌పూల్‌లో ప్రొఫెసర్ చాడ్విక్ దగ్గర బీటా కిరణాలు ఆయన పరిశోధనాంశాలు. బీటా స్పెక్ట్రోమీటర్‌లో బీటా కణం, అంటే ఎలక్ట్రాన్, అయస్కాంత క్షేత్రంలో ఎంత వంగిందన్నదాన్ని బట్టి దాని శక్తి తేలుతుంది. దారిలో గాలి అణువులు అడ్డం పడితే లెక్క తప్పుతుంది. మామూలు గాలిలో ఒక అణువు మరొకదాన్ని ఢీకొనకుండా సాగే సగటు దూరం మిల్లీమీటరులో పదివేలో వంతు కూడా ఉండదు. పీడనాన్ని 76 కోట్లలో ఒక వంతుకు దించితే అది సుమారు 50 మీటర్లవుతుంది. అందుకే ఆయన శూన్యాన్ని సాధించే పద్ధతులనే ఒక శాస్త్రంగా అధ్యయనం చేసి, 1947లో ‘హై వాక్యువా’ గ్రంథం వెలువరించారు. 1954లో విశాఖ వచ్చి, 1956లో ఏర్పడిన శాఖకు సారథ్యం వహించినప్పుడు వెంట తెచ్చిన పెట్టుబడి ఈ నైపుణ్యమే.

కేంద్రకాన్ని శోధించే శాఖను పరమాణు తాడనాల, అంటే కిరణాలూ కణాలూ పరమాణువులను ఢీకొనే తీరు మీది, పరిశోధనతో ముడిపెట్టడం సబబేనా అని ఎవరైనా అడగవచ్చు. ఆయన, సహపరిశోధకుడు వి. లక్ష్మీనారాయణ కలిసి చేసిన పని చూస్తే సందేహం తీరుతుంది. రేడియోధార్మిక మూలం నుంచి సన్నని గామా పుంజాన్ని లోహపు రేకు మీదికి వదిలి, రేకు ఉన్నప్పుడూ లేనప్పుడూ డిటెక్టర్ చేరిన ఫోటాన్లను లెక్కిస్తారు. ఆ తేడా నుంచి ఫోటాన్ పరమాణువుతో తలపడే అవకాశం ఎంతో తేలుతుంది. గామా కిరణం కేంద్రకంలోనే పుట్టినా, అది తగిలేది ఎక్కువగా ఎలక్ట్రాన్లకే. ఆ రేకు మందంలో చిన్న పొరపాటు దొర్లినా ఫలితం చెడుతుంది. కాబట్టి రేకును తూచి మందం తేల్చడం కూడా భౌతిక శాస్త్రమే.

పెద్ద యాక్సిలరేటర్ గానీ, పేరు మోగిన ఆవిష్కరణ గానీ లేవు కదా అన్నది మరింత బలమైన ఆక్షేపణ. నిజమే. కానీ ఆయన 1969లో కన్నుమూశాక కూడా పని ఆగలేదు. తర్వాతి తరాలవారు భువనేశ్వర్ యాక్సిలరేటర్‌లో ప్రోటాన్లతో నమూనాలను తాడించి, లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్ ఎగిరిపోగానే వెలువడే ఎక్స్‌రేల ద్వారా కేన్సర్ కణజాలంలోని సూక్ష్మ మూలకాలను కొలిచారు. యంత్రం పరాయి ఊరిది, కొలిచే క్రమశిక్షణ ఇంటిది. యంత్రానికి కాలం చెల్లుతుంది, దాన్ని ఏ పనికి వాడాలో, దాని లెక్కను ఎంతవరకు నమ్మాలో తెలిసిన శిష్యులు ఉంటే శాఖ నిలుస్తుంది. స్వామి జ్ఞానానంద పేరు పెట్టుకున్న ప్రయోగశాలలో విద్యార్థి చేత పరికరం విప్పించి, బిగించి, దోషాన్ని లెక్కగట్టించే పాఠం సాగినంత కాలం ఆ పేరుకు సార్థకత ఉంటుంది.