చేదు వదిలిన గింజ

1918 అక్టోబరు. మొదటి ప్రపంచయుద్ధం ముగింపుకొచ్చింది. బ్రిటన్ నౌకలు సముద్రదారులు మూసేయడంతో జర్మనీలో మనుషులకు తిండి కరువు, పశువులకు దాణా కరువు. అటువంటి రోజుల్లో హాంబుర్గ్‌లో వృక్షశాస్త్రవేత్తలు ఒక వింత విందు చేసుకున్నారు. బల్ల మీద పరిచిన గుడ్డ లూపిన్ నారతో నేసినది. వడ్డించిన సూప్ లూపిన్ గింజలది. రొట్టెలో అయిదో వంతు లూపిన్ పిండి. దాని మీదికి లూపిన్ మార్గరిన్, లూపిన్ చీజ్. ఆఖరున లూపిన్ కాఫీ. చేతులు కడుక్కోవడానికిచ్చిన సబ్బు కూడా దాంతో చేసిందే! చీజ్ దాకా వెళ్లినవాళ్లు పాల జోలికి మాత్రం పోలేదు. ఆ గింజ నుంచి గ్లాసెడు పాలు జనం ఇష్టంగా తాగేలా రావడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

లూపిన్ చిక్కుడు కుటుంబానికి చెందిన మొక్క. ఇసుక నేలల్లోనూ బతుకుతుంది, గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల్లో పట్టి భూమికి బలమిస్తుంది. గింజలో మాంసకృత్తులు 35 నుంచి 40 శాతం దాకా ఉంటాయి. మన శనగల్లో ఉండేవి 20 శాతం చిల్లర. ఇంత సిరి పెట్టుకుని కూడా అది ఎక్కువగా పచ్చిరొట్ట ఎరువుగానే ఎందుకు మిగిలిపోయిందంటే, చేదు వల్ల. లుపానిన్, స్పార్టీన్ వంటి ఆల్కలాయిడ్లు గింజ నిండా ఉంటాయి. అవి ఉత్త చేదు కాదు, విషం కూడా.

ఈ చేదును వదిలించే ఉపాయం పాతకాలం వాళ్లకు తెలియకపోలేదు. మధ్యధరా తీరాల వాళ్లు గింజలను ఉడకబెట్టి, రోజుల తరబడి నీళ్లు మార్చి మార్చి నానబెట్టి, ఉప్పునీటిలో వేసుకుని తినేవారు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల రైతులు తమ దగ్గర పండే తార్వీ అనే లూపిన్‌ను ఉడికించి, సంచుల్లో కట్టి పారే వాగులో వదిలేవారు. ఇంటి మట్టుకు ఇది సరిపోతుంది. దేశానికంతటికీ దాణా, తిండి కావాలంటే అన్ని నీళ్లెక్కడివి, అంత తీరికెక్కడిది?

చేదును కడిగే బదులు చేదే లేని మొక్కను వెతికితే పోలా అన్న ఆలోచన బెర్లిన్‌లోని జన్యుశాస్త్రవేత్త ఎర్విన్ బావర్‌ది. లూపిన్ చుట్టాలైన బఠానీ, చిక్కుడు మనుషుల చేతుల్లో తినదగ్గవిగా మారినప్పుడు, దానిలోనూ ఏ మూలో ఒక తీపి మొక్క పుట్టకపోదు. లక్షల్లో ఒకటే కావచ్చు. లక్షలు వెతకాలి, అంతే. అనడం తేలికే. ఒక్కో మొక్కనూ నోట్లో వేసుకుని చూడాలంటే నాలుక మొద్దుబారిపోతుంది, పైగా అది విషం. ప్రయోగశాలలో పరీక్షిద్దామంటే ఒక్కోదానికీ బోలెడు సమయం పడుతుంది. ఆలోచన అక్కడే ఆగింది.

దాన్ని కదిలించినవాడు బావర్ దగ్గర పనిచేసిన రైన్‌హోల్డ్ ఫాన్ సెంగ్‌బుష్. ఈయన చేసింది గొప్ప సిద్ధాంతమేమీ కాదు, ఒక చురుకైన పరీక్ష. మొక్క నమూనా నుంచి నీళ్లలోకి సారం దింపి, అందులో పాదరసం, అయోడిన్ కలిసిన ద్రావణం కొద్దిగా వేస్తాడు. ఆల్కలాయిడ్ ఉంటే గొట్టంలో నీరు తెల్లగా మసకబారుతుంది. లేకపోతే తేటగా నిలుస్తుంది. చూడటానికి రెప్పపాటు చాలు. ఇక గొట్టాలు వరసగా పెట్టడం, చూడటం, పారబోయడం. మసక, మసక, మళ్లీ మసక. లక్షల మొక్కలు అలా దాటిపోయాక, 1920ల చివర్లో, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని గొట్టాలు తేటగా నిలిచాయి. తీపి లూపిన్ పుట్టింది. తీపి అంటే చక్కెర తీపి కాదు, చేదు లేకపోవడమే దాని తీపి. అవి దొరకడాన్ని కొందరు అదృష్టం అంటారు. లక్షల గొట్టాలు కడిగినవాడి దగ్గరికే ఆ అదృష్టం వచ్చిందని నేనంటాను. అన్నట్టు, తరవాతి కాలంలో యూరప్ తోటల్లో పేరు మోసిన ‘సెంగా సెంగానా’ స్ట్రాబెర్రీ కూడా ఈయన సృష్టే.

చేదు పోయినా మొక్కలో అడవి బుద్ధులు పోలేదు. కాయ పండగానే పగిలి గింజలు నేలపాలయ్యేవి. దాన్ని సరిచేసే పని ఆస్ట్రేలియాలో తెమిలింది. పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో జాన్ గ్లాడ్‌స్టోన్స్ తన పంటలో సహజంగా తలెత్తిన తేడా మొక్కలను ఏరి పట్టుకున్నాడు. కాయ పగలని గుణాన్ని జర్మన్ల తీపి గుణంతో కలిపి 1967లో ‘యూనివైట్’ అనే రకాన్ని విడుదల చేశాడు. ఇవాళ ప్రపంచంలో లూపిన్ ఎక్కువగా పండేది పశ్చిమ ఆస్ట్రేలియా ఇసుక నేలల్లోనే. అందులో చాలా భాగం పశువులకే పోతుంది.

మరి మనిషి గ్లాసులోకి? ఇక్కడ రెండో శత్రువు ఎదురైంది, పచ్చివాసన. సోయా పాలు ఇంట్లో తీసి చూసినవాళ్లకు ఇది తెలిసిందే. గింజను నీళ్లతో రుబ్బగానే అందులోని ఒక ఎంజైము నూనెను పట్టుకుని గడ్డివాసన పుట్టిస్తుంది. సోయా విషయంలో 1960లలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు మరిగే నీళ్లతోనే రుబ్బి ఆ ఎంజైమును మొదట్లోనే చంపేశారు. లూపిన్‌తో కుస్తీ పట్టిన జర్మన్లు వేరే దారి తొక్కారు. మ్యూనిక్ దగ్గర ఫ్రైజింగ్‌లోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో పెటర్ ఐస్నర్, స్టెఫానీ మిటర్‌మయర్ బృందం గింజ పొట్టు తీసి, అటుకుల్లా నొక్కి, ముందుగా నూనెను లాగేసింది. నూనెతో పాటు దాన్ని అంటిపెట్టుకున్న వాసనలూ పోయాయి. మిగిలిన అటుకుల నుంచి నీళ్లతో మాంసకృత్తులను వేరు చేస్తే తెల్లటి, మెత్తటి పదార్థం చేతికొచ్చింది. దానికి నీళ్లు, కొంచెం మంచి నూనె చేర్చి గిలక్కొడితే విరగకుండా కలిసిపోయి పాలలాగే నిలిచింది.

2011లో అది ముందు ఐస్‌క్రీమ్‌గా జర్మనీ దుకాణాలకు వెళ్లింది. చల్లదనం, చక్కెర కలిసి మిగిలిన కొంచెం వాసననూ కప్పేస్తాయి కాబట్టి తెలివైన ఎత్తే. పాలు, పెరుగు తరవాత వచ్చాయి. 2014లో ఐస్నర్, మిటర్‌మయర్, వాళ్లతో కలిసి పనిచేసిన కాత్రిన్ పీటర్సన్ ముగ్గురికీ కలిపి జర్మన్ అధ్యక్షుడి పేరున ఇచ్చే ‘భవిష్య పురస్కారం’ దక్కింది.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఈ పాలు కనిపిస్తే రుచి చూడవచ్చు. అయితే వేరుశనగ పడనివాళ్లు జాగ్రత్త. లూపిన్ కూడా వాళ్లకు పడకపోవచ్చు, అందుకే యూరప్‌లో 2006లో దాన్ని ఎలర్జీ పదార్థాల జాబితాలో చేర్చారు. మన దగ్గర చలికాలం పూలమొక్కగా పెంచే లూపిన్ విత్తనాలతో మాత్రం ఈ ప్రయోగం చేయకండి. అవి ఇంకా చేదు వదలని రకాలు.